పెదాలు కనబడని చోట

ఇంకా ఏడవాలట, ఎంత ఏడ్చినా వీళ్ళకి చాలదు, పొద్దుటి నుంచీ ఈ అద్దాల గదిలో మైకు ముందు నిలబడి ఏడ్చి ఏడ్చి గొంతు గరగరలాడుతోంది, తెర మీది కోడలు పిల్ల కళ్ళలో మందు వేసుకుని ఎప్పుడో ఏడ్చేసి ఇంటికెళ్ళి హాయిగా పడుకునుంటుంది, కన్నీళ్ళు ఆ పిల్లవి, ఎక్కిళ్ళు నావి, బాగుంది బేరం అనుకుంది డబ్బింగ్ స్టూడియోలో అందరూ గొంతమ్మ అని పిలిచే ఆవిడ, ఇంట్లో అత్తగారికి ఈ సీరియల్ అంటే ప్రాణం, ఆ కోడల్ని చూడవే, నోట్లో నాలుక లేదు పాపం, చూసి నేర్చుకో అంటుంది, ఆ గొంతు నాదే కదా అత్తయ్యా అంటే, గొంతు నీదైతే ఏం లాభమే, గుణం ఆ పిల్లది అంటుంది.

తెర మీద నగ పోయింది, కోడలే తీసిందన్నారు, పెద్దలంతా చుట్టూ చేరి తప్పయిందని ఒక్క మాట అను, మరిచిపోతాం అంటున్నారు, ఇది ఎక్కడి ఘట్టమో ఆమెకు తెలియకపోతే కదా, పాత నాటకంలో మూడో అంకం, వయసులో ఉన్నప్పుడు ఆ కోడలి వేషం ఊరూరా తిరిగి ఆడింది, సీరియల్ రచయిత కూడా దాచలేదు, ఆ క్లాసిక్కే తీసుకున్నామండీ, కాస్త ఎమోషన్ కలిపాం అన్నాడు, నీళ్ళు కలిపినవాడు పాలు పెరిగాయనే అంటాడు, నాటకంలో ఉరుములు లేవు, మొహం మీదికి మూడేసిసార్లు దూసుకొచ్చే కెమెరా లేదు, కోడలు ఎవరూ కూర్చోమనకుండానే పెద్దల మధ్యకి కుర్చీ లాక్కుని కూర్చునేది, కాసేపు ఏమీ అనేది కాదు, ఆ నిశ్శబ్దంలో వెనక వరసలో ముసలాయన దగ్గు కూడా బిగబట్టుకునేవాడు, అప్పుడు అనేది, నేను తప్పు చెయ్యలేదు, మీ మన్నింపు నాకక్కర్లేదు, ఇక్కడేమో నిశ్శబ్దమంటే హడలు, రెండు క్షణాలు ఖాళీ వస్తే జనం ఛానల్ మార్చేస్తారట, అందుకే ఎక్కడ సందు దొరికితే అక్కడ దిండులో దూది కూరినట్టు ఏడుపు కూరేస్తారు.

మేడమ్, అని అద్దం అవతలి నుంచి డబ్బింగ్ చూసుకునే కుర్రడైరెక్టరు, ఇక్కడ ఆ అమ్మాయి అటు తిరిగి అత్తగారి కాళ్ళు పట్టుకుంటుంది కదా, పెదాలు కనబడవు, ఏ మాటైనా పడుతుంది, తప్పయింది అత్తయ్యా, క్షమించండి అని పెట్టేద్దాం, బాగా ఏడుస్తూ, సరేనా, ఏ మాటైనా పడుతుందన్నాడు, అన్నది అతనే, బొమ్మ కదిలింది, ఆ పిల్ల వీపు, వదులైన ముడి, వంగిన మెడ, కాళ్ళ దగ్గర కూర్చున్నంత మాత్రాన నోరు పడిపోదు కదా అనుకుంది ఆమె, అనుకుంటూనే మైకులోకి మెల్లగా, ఒక్క ఎక్కిలి లేకుండా, నేను తప్పు చెయ్యలేదు, మీ మన్నింపు నాకక్కర్లేదు అంది.

ఏంటి మేడమ్, జోకా, జోకు కాదు బాబూ, సరిగ్గా సరిపోయింది, కావాలంటే వేసి చూసుకో, సరిపోవడం కాదు మేడమ్, రేపటి ఎపిసోడ్‌లో అత్తగారు క్షమించాలి, ఈవిడ అడక్కపోతే ఆవిడ దేన్ని క్షమిస్తుంది, అది ఆవిడ తిప్పలు, మేడమ్ ప్లీజ్, బయట సోఫాలో ఇంకో అమ్మాయి కూర్చుని ఉంది, గొంతు అచ్చం మీలాగే ఉంటుంది, ఒక్కసారి ఆలోచించుకోండి, ఆమె ఆలోచించింది, ఈ పని పోతే ఈ వయసులో ఇంకోటి దొరకడం మాటలు కాదు, ఇంట్లో ఆయన మొదట నవ్వి తర్వాత మూతి ముడుస్తాడు, ముడిస్తే ముడవనీ, పిలువు బాబూ ఆ అమ్మాయిని, ఏడిస్తే ఆ అమ్మాయి ఏడవనీ, నేను మాత్రం చచ్చినా తప్పయిందనను.

హెడ్‌ఫోన్ తీసి స్టాండుకి తగిలించింది, చెవులు ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి, అద్దం అవతల కుర్రాడి నోరు ఆడుతోంది, మాట వినబడటం లేదు, ఆ నాటకం ఆడిన రోజుల్లో మీ మన్నింపు నాకక్కర్లేదన్న ఇదే మాటకి హాలు హాలంతా లేచి నిలబడేది, ఆ చప్పట్లు చెవుల్లో మోగుతుండగానే ఇంటికి చేరి, గుమ్మంలో చెప్పులు విప్పుతూ, ఆలస్యమైంది అత్తయ్యా, తప్పయింది అనేది, ఆడిన ప్రతిసారీ అంది, ఏం తప్పో అత్తగారూ చెప్పలేదు, తనూ అడగలేదు, అంటే ఇన్నేళ్ళూ మన్నింపు అక్కర్లేదన్న ఆ మాట అన్నది నాటకంలో కోడలే, తను కాదు, ఇవాళ ఒక్క చెయ్యీ చప్పట్లు కొట్టలేదు, పైగా పని పోయింది, అయినా ఆ మాట తన నోటితో తను అనడం ఇదే మొదటిసారని ఆమెకు తెలిసింది.