పంపుహౌసులో ఇస్త్రీ చొక్కా

రోజూ మట్టి మరకలతో ఇల్లు చేరే మనిషి ఉన్నట్టుండి ఇస్త్రీ చొక్కా తొడగడం మొదలుపెడితే ఏ పెళ్ళానికి అనుమానం రాదు? ఈ దర్జీ ఆవిడకీ వచ్చింది.

ఆమె భర్తకి ఊరి నీళ్ళ ఆఫీసులో పని. రోడ్డు మీద చెక్క కడ్డీ నిలబెట్టి, పై కొసకి చెవి ఆనించి, కింద గొట్టం ఎక్కడ కారుతోందో చెప్పేవాడు. ఆ చెవి గురించి ఆయన కొట్టుకున్న గొప్పలు అన్నీ ఇన్నీ కావు. అలాంటిది, తోటి పనివాడి భార్య కొలతలిస్తూ నోరు జారింది.

"మీ ఆయన్ని పాత పంపుహౌసుకి, అదే, ఇప్పుడు మ్యూజియం చేశారే, దానికి మార్చి చాన్నాళ్ళయిందిగా. మీకు తెలీదా?"

తెలీదు. ఇక అన్నీ ఒక్కటొక్కటే గుర్తుకొచ్చాయి. పిలిస్తే పలకడు. ఎదురుపడితే కళ్ళలోకి చూడకుండా మూతికేసి చూస్తాడు. ఏదైనా అడిగితే కాసేపు ఆగి, అబద్ధం అల్లుతున్నవాడిలా జవాబిస్తాడు. చెల్లెలికి చెబితే అది ఊరుకుంటుందా, ఇంకాస్త ఎగదోసింది.

"కళ్ళలోకి చూడట్లేదంటే ఏదో ఉందక్కా. పద, వెళ్ళి చూసొద్దాం."

సెలవురోజున ఇద్దరూ టికెట్టు కొనుక్కుని జనంలో కలిసిపోయారు. లోపలికి అడుగుపెట్టగానే ఆమెకి ఒళ్ళు మండింది. ఇనప స్తంభాలకి తీగలు, పువ్వులు. వాటికి ఎరుపు, ఆకుపచ్చ రంగులు. కిటికీలకి రంగురంగుల అద్దాలు. నడిమధ్య, మేడంత ఎత్తున పాత ఆవిరి పంపు, తళతళలాడే ఇత్తడి చక్రాలతో.

"నీళ్ళు తోడే మిషనుకి ఇంత సోకెందుకే?" అంది. సోకు చేసుకున్నదేదీ ఈ మధ్య ఆమెకి నచ్చడంలేదు.

ఆయన అక్కడే ఉన్నాడు. అదే ఇస్త్రీ చొక్కా. జనం వైపు వీపు పెట్టి ఇత్తడి గొట్టాన్ని గుడ్డతో తుడుస్తున్నాడు. జనానికి అంతా వివరిస్తున్న గైడు, నీలం కోటు వేసుకున్న ఆడమనిషి, ముప్పై దాటి ఉండదు, నేరుగా వెళ్ళి ఆయన భుజం మీద చెయ్యేసింది. ఆయన తిరిగి నవ్వాడు. వెళ్ళి చక్రం తిప్పాడు. పంపు బరువుగా కదిలింది. కాసేపటికి మళ్ళీ భుజం మీద చెయ్యి. ఆయన మళ్ళీ నవ్వాడు, పంపు ఆపాడు.

"నోటితో చెప్పడం రాదా ఆ మహాతల్లికి?" అంది చెల్లెలు.

ఆమెకి రక్తం సలసలా కాగింది. ఇంట్లో ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో. జనాన్ని తోసుకుంటూ వెళ్ళి ఆయన వెనక నిలబడింది.

"ఏమండీ."

ఆయన గుడ్డ మడతపెట్టి ఇంకో వైపు తుడవసాగాడు.

"మిమ్మల్నే."

జనం తిరిగి చూశారు. గైడు తిరిగి చూసింది. ఆయన మాత్రం తిరగలేదు. ఆ వీపులో బెదురు లేదు, దాపరికం లేదు. పని చేసుకుంటున్న మనిషి వీపు, అంతే.

"వెనకనుంచి పిలిస్తే వినపడదండీ ఆయనకి," అంది గైడు దగ్గరికొస్తూ. "భుజం తట్టాలి. మీరు తెలిసినవాళ్ళా?"

తెలిసినవాళ్ళేనా? ఒకే ఇంట్లో ఉంటూ, ఆయన తన మూతికేసి ఎందుకు చూస్తున్నాడో ఒక్కసారైనా అడిగిందా? సిగ్గుతో ముఖం ఎర్రబడింది. చెయ్యి చాచి భుజం తట్టింది.

ఆయన అలవాటుగా నవ్వుతూ తిరిగాడు. ఆమెని చూసి నవ్వు ఆగిపోయింది. ఆయన చూపు వెంటనే ఆమె పెదాల మీదికి దిగింది.

"ఎందుకు దాచారు?" అంది, ఒక్కో మాటా విడదీసి.

"చెవి తప్ప నా దగ్గర ఇంకేముంది గొప్ప చెప్పుకోడానికి?" గుడ్డని చేతుల్లో నలిపాడు. "నీ గొంతు ఒక్కటే కాస్త వినపడేది. అదీ పోయాక చెబుదామనుకున్నా. పోయింది. చెప్పలేకపోయా."

ఆమె కళ్ళు తుడుచుకుంది. కోపం ఇంకా ఉంది, పోవడానికి దారి దొరకలేదు.

"అయితే ఇన్నాళ్ళూ మీ వెనకాల నేను తిట్టిన తిట్లన్నీ దండగేనా?"

ఆయన పెదాలనే చూస్తూ ఆఖరి మాటదాకా పట్టుకున్నాడు.

"ముందుకొచ్చి తిట్టు," అన్నాడు. "మొదటినుంచీ."