మైనస్ నూరు శాతం

కన్నారావు రాగం అందుకున్నాడంటే దించడం ఆయన చేతుల్లో ఉండదు. సముద్రం అవతల దీవిలో ఉన్న డిగ్నాబాద్‌లో ఇనప సామాను కొట్టు, ఇంట్లో హార్మోనియం, ఏటా ఉగాదికి తెలుగు సంఘం హాల్లో పద్యాలు. ఆ పద్యాలు మొదలవగానే జనం లేచి వెళ్ళిపోతారని, చివరికి మిగిలేవి కుర్చీలేనని కాలేజీలో ఎవరో నవ్వితే ఆయన కూతురు సుచరితకి ఒళ్ళు మండింది. ఎప్పుడూ మొదటి వరసలో కూర్చునే పిల్ల, వెనక్కి తిరిగి చూసిన పాపాన పోలేదు. నిజమే అయితే మాత్రం ఈసారి నాన్నని ఎలాగైనా ఆపాలనుకుంది. ఆయన నలుగురిలో నవ్వులపాలైతే తను తట్టుకోలేదు.

సరిగ్గా అప్పుడే స్టాటిస్టిక్స్ చెప్పే మండల్ మేడమ్ ప్రాజెక్టు ఇచ్చింది. జనం మొహమాటపడి దాచే నిజాన్ని రాబట్టే పద్ధతి ఒకటుంది. మనిషి చాటుగా రూపాయి బిళ్ళ ఎగరేసుకోవాలి. బొమ్మ పడితే మారు మాట్లాడకుండా ‘అవును’ అనాలి. బొరుసు పడితే నిజం చెప్పాలి. ఆ ‘అవును’ బిళ్ళదో మనిషిదో అడిగినవాళ్ళకి కూడా తెలియదు. సుమారు సగం మందికి బొమ్మే పడుతుంది కాబట్టి ఆ సగాన్ని లెక్కలోంచి తీసేస్తే అసలు సంగతి తేలుతుంది.

ఇంతకన్నా ఏం కావాలి? సుచరిత వీధంతా తిరిగింది. “మా నాన్న పాడుతుంటే లేచి వెళ్ళిపోతారా?” అని అడిగింది. అందరూ శ్రద్ధగా గోడవైపు తిరిగి బిళ్ళ ఎగరేశారు. అందరూ ‘లేదు’ అన్నారు. మచ్చుకి ఒక్క ‘అవును’ లేదు.

కాగితం చూసి మండల్ మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

“అరే బాబా! వచ్చిన ‘అవును’లు సున్నా. అందులోంచి బిళ్ళ సగం తీసేసి, మిగతా సగం మందికి లెక్క కడితే మైనస్ నూరు శాతం మంది లేచి వెళ్తారు. అంటే ఏంటి, హాల్లో లేనివాళ్ళు కూడా వచ్చి కూర్చుంటారా?” అని హిందీలో అడిగి, పడీ పడీ నవ్వింది.

సుచరిత తిన్నగా చేపలమ్మే బుల్లెమ్మ దగ్గరికి వెళ్ళి నిలదీసింది.

“అత్తా, నిజం చెప్పు. నీకు బొమ్మ పడలేదూ?”

“పడిందమ్మా.”

“మరి అవునని ఎందుకనలేదు?”

“సాల్లే! కన్నకూతురివి ఎదురుగా నిలబడి అడుగుతుంటే, అవునమ్మా, మీ అయ్య పాడితే నాను లెగిసి పోతానని ఏ నోటితో అనమంటావు?”

“అనేది నువ్వు కాదత్తా, బిళ్ళ!”

“బిళ్ళకి నోరుందేటి? నోరు నాదే గదా!”

ఈలోగా కిరాణా కొట్టు నూకయ్య వెళ్ళి కన్నారావు చెవిన వేశాడు. “భయ్యా, వీధిలో ఒక్కడంటే ఒక్కడు కూడా లేచెళ్తాననలేదంట!” కన్నారావు ఏనుగెక్కినంత సంబరంగా కనిపించాడు. ఈసారి ఇంకో రెండు పద్యాలు కలిపాడు. ఆపాలని బయల్దేరిన కూతురు తన చేతులతోనే ఇంకాస్త ఎగదోసినట్టయింది. నాలుగుసార్లు చెప్పబోయి నాలుగుసార్లూ మింగేసింది.

ఉగాదినాడు సుచరిత కావాలనే చివరి వరసలో కూర్చుంది. కన్నారావు కళ్ళు మూసుకుని రాగం తీశాడు. ముందు నూకయ్య లేచాడు. తర్వాత బుల్లెమ్మ, ఆ వెనక ఓ వరస మొత్తం. అందరూ పిల్లుల్లా అడుగులేసుకుంటూ బయట టీ దగ్గరికి చేరారు. సుచరితకి సిగ్గూ కోపమూ ఒక్కసారే వచ్చాయి, ఏడుపు కూడా వచ్చింది. ఆఖరి పద్యం ఊపందుకునేసరికి అందరూ మళ్ళీ లోపలికొచ్చి, హాలు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. అప్పుడుగానీ కన్నారావు కళ్ళు తెరవలేదు.

ఇంటికి నడుస్తుంటే ఇక ఉండబట్టలేకపోయింది.

“నాన్నా, నా లెక్క తప్పు. నువ్వు కళ్ళు మూసుకుంటావు కాబట్టి నీకు తెలీదు. జనం...”

“టీకి పోతారు. ఇరవయ్యేళ్ళ నుంచీ పోతన్నారు,” అన్నాడు కన్నారావు. “నాను కళ్ళు తెరుసుకుంటే పాపం లెగవలేరు కదమ్మా! అందుకే మూస్తాను.”

సుచరిత రోడ్డు మధ్యలో ఆగిపోయింది.

“తెలిసీ పాడతావా?”

“పాడితే బాగుంటాది కదే,” అన్నాడాయన.