కింది మూల నీలం

వేలం సంస్థలో పాత రంగుల బొమ్మలకు వెల కట్టే ఆవిడను అందరూ భూతద్దం మేడమ్ అంటారు. ఎవరింటికి వెళ్లినా బొమ్మ బాగుందనీ అనదు, బాగోలేదనీ అనదు. బాగుందంటే ఇంటివాళ్ల ఆశలకు రెక్కలొస్తాయి, బాగోలేదంటే మొహాలు మాడిపోతాయి. వెల చెప్పేవరకే తన పని అని ఆమె లెక్క.

ఆ ఉదయం ఆమెను పిలిపించింది ఒక అక్కా తమ్ముడూ. వాళ్ల నాన్న పళ్ల డాక్టరు, నిరుడు కాలం చేశాడు. ఇంటి ముందు భాగంలో రోగులు కూర్చునే గదిలో గోడంతా ఆక్రమించుకుని ఓ పెద్ద బొమ్మ ఉంది. అందులో మనిషి లేడు, చెట్టు లేదు. మసక పసుపు మీద ఇటుక ఎరుపు, దాని మీద ఎవరో కసిగా లాగినట్టు నల్లటి చారలు. సంతకం ఎక్కడా లేదు. ఇల్లు అమ్మేస్తున్నారు కనుక బొమ్మ సంగతి తేల్చుకోవాలి.

"లైబ్రరీలో ఏదో పుస్తకం చూసొచ్చాడు మేడమ్. అప్పట్నుంచీ వీడి కాళ్లు నేలమీద ఆనడం లేదు" అంది అక్క.

"నవ్వక్కా, నవ్వు. ఆ రోజుల్లో మహామహులంతా ఇలాగే వేశారు" అన్నాడు తమ్ముడు. తర్వాత బొమ్మ కింది మూల చూపించి గొంతు తగ్గించాడు. "ఆ నీలం చూడండి మేడమ్. బొమ్మ మొత్తానికి అదొక్కటే నీలం. మామూలువాడికి తడుతుందా అది?"

ఆమె ఊఁ కొట్టి, ఇద్దరి సాయంతో బొమ్మను దింపించింది. బల్లల మీద దుప్పట్లు పరిచి బోర్లా పడుకోబెట్టారు. వెనక గుడ్డ ముదురు గోధుమరంగుకు తిరిగింది. మేకుల తుప్పు గుడ్డలోకి దిగింది. వయసు సరిపోయింది. కింది మూల దగ్గర మాత్రం ఆమె భూతద్దం ఆగిపోయింది. అక్కడ జిగురుతో అంటించిన చిన్న ముక్క, గాయాలకు కట్టే గాజుగుడ్డ.

బొమ్మను తిప్పించి, తెరలు వేయించి, తర్వాత పూసిన రంగుల్ని పట్టిచ్చే ఊదారంగు లైటు పట్టింది. పాత రంగులన్నీ ఒక తీరుగా మెరిశాయి. నీలం ఒక్కటీ నల్లగా విడిగా కనిపించింది.

"ఈ నీలం తర్వాతెప్పుడో వేసినది. దీని వెనక చిరుగు ఉంది" అంది మేడమ్.

అక్క కాసేపు నోరు తెరుచుకుని చూసింది. తర్వాత నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడింది.

"ఒరేయ్, కిటికీల రంగురా అది! నీ మూడు చక్రాల బండితో దీన్ని గుద్దేశావు. నాన్న గట్టిగా ఒక్క మాటైనా అన్లేదు. గాజుగుడ్డ అంటించి, కిటికీలకి వేయగా మిగిలిన రంగు పూసేశారు. పన్ను పూడ్చినట్టే పూడ్చాను, ఎవడికీ తెలీదు అన్నారు."

"నాకు గుర్తు లేదే!"

"నీకప్పుడు ఉయ్యాల వయసు దాటిందంతే."

తమ్ముడు ఎర్రబడ్డ మొహంతో మేడమ్ వైపు తిరిగాడు. "పోనీ, మిగతా బొమ్మ?"

"కాలం సరిపోయింది. చెయ్యి మాత్రం మీ పుస్తకంలో వాళ్లెవరిదీ కాదు బాబూ. వాళ్లు కుంచె విసురుగా లాగి ఎత్తేస్తారు. ఈయన నొక్కిపట్టి, ఆగి, మళ్లీ వెనక్కి వచ్చాడు. చిత్రకారుడు తెలియదనే రాస్తాను. దీంతో ఇల్లు రాదు, ఓ మంచి సోఫా వస్తుంది."

తమ్ముడు అక్క వైపు తిరిగాడు. "నాన్న దీన్నెక్కడ కొన్నారక్కా?"

"ఏదో స్కూలు హాల్లో, బొమ్మలు పెట్టి అమ్ముతుంటే. వానొస్తే నాన్న తలదాచుకోడానికి లోపలికెళ్లారట. వేసినాయన ఓ మూల కూర్చుని రొట్టె తింటున్నాడట. కొన్నది నాన్నొక్కరే. అమ్మేమో, దీనికి తలేది తోకేది అని రెండ్రోజులు మాట్లాడ్డం మానేసింది."

"పేరు అడగలేదా?"

"అడిగే ఉంటారు, మర్చిపోయుంటారు. నాన్నకి మనుషులు పళ్లతోనే గదరా గుర్తు! ఆయన్ని ముందు పన్ను విరిగినాయన అనేవారు."

మేడమ్ తెరలు తీసింది. సామాను సర్దేసుకుని కూడా బొమ్మ దగ్గరే నిలబడిపోయింది. పసుపును పూసి, గీకి, మళ్లీ పూశాడు వేసినాయన. నల్ల చార అంచుదాకా వచ్చి, నూలుపోగంత పసుపు మిగిల్చి ఆగింది. ఇంకాస్త సాగితే అంతా పాడయ్యేది. ఇంత తెలిసిన మనిషి ఓ స్కూలు హాల్లో రొట్టె తిని, లేచి ఎటో వెళ్లిపోయాడు.

"చాలా మంచి బొమ్మ" అంది మేడమ్. ఆ మాట తన నోటివెంట వచ్చినందుకు తనకే ఆశ్చర్యమేసింది. "ఎక్కడ ఆపాలో తెలుసు ఈయనకి. అది అందరికీ తెలీదు."

తమ్ముడు దగ్గరికొచ్చి, ఆమె చూస్తున్న చోటే చాలాసేపు చూశాడు.

"అక్కా, మీ ఇంట్లో మెట్ల దగ్గర గోడ ఖాళీయేగా?"

"ఏం, అమ్మెయ్యవా?"

"సోఫా ఉందిగా నాకు. అప్పుడప్పుడూ వచ్చి చూసిపోతా."

"ఆ నీలం తీయించి బాగుచేయించమంటారా?" అని అడిగింది మేడమ్.

"వద్దు మేడమ్, అది నాన్న పని" అన్నారు ఇద్దరూ ఇంచుమించు ఒకేసారి.

అక్క ఇంటికి తీసుకెళ్దామని ఎత్తితే బొమ్మ గుమ్మంలో పట్టలేదు. "పక్కకి వంచరా, గోడకి తగలనీకు!" అని అక్క కేకలేస్తుంటే, మేడమ్ సంచీ భుజాన వేసుకుని తానూ ఒక అంచు పట్టుకుంది. ముగ్గురూ దాన్ని ఏటవాలుగా తిప్పి మెల్లగా వీధిలోకి తెచ్చారు.