దొరసాని మేత

సింహాసనానికి నాలుగు కాళ్లుండాలన్నది ఆచారమే గాని శాస్త్రం కాదు. కంకర గుంట గేటు పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీకి మూడే కాళ్లు. నాలుగోదాని స్థానంలో, ఏ లారీకీ ఎక్కకుండా మిగిలిపోయిన రాళ్లు ఒకదానిమీదొకటి కొలువుదీరి ఉన్నాయి. కుర్చీలో, లోపల ఎండుగడ్డి కూరి భార్య కుట్టిచ్చిన గోనె మెత్త. ఆ పీఠాన్ని అధిష్ఠించి కావలివాడు ఆ ఉదయం కూడా తన పచ్చని రాజ్యాన్ని పరికించాడు. తర్వాత కుడిచేయి కిందికి చాచి (ఈమధ్య కాస్త ఎక్కువగానే చాచవలసి వస్తోంది) గుప్పెడు గడ్డి పట్టి, ఆవు నాలుక లాగినట్టు పక్కకు లాగాడు. గడ్డి తెగింది. వేరు రాలేదు.

"పాసయ్యావు," అన్నాడు గడ్డితో, దగ్గు తెరిపిచ్చాక.

ఆ పరీక్ష కిందటిసారి వచ్చిన తనిఖీ అధికారి నేర్పినది. లాగితే వేరుతో లేచొచ్చే గడ్డిమీద పశువును వదిలితే ఒక్కపూటలో నేల బోడి అవుతుంది. తెగి, వేరు నేలలోనే ఉండిపోతే గేటు తెరవచ్చు. కావలివాడు దీన్ని వేదవాక్కుగా స్వీకరించి, పొద్దునా మాపూ, ఏమీ తోచనప్పుడల్లా అనుష్ఠించాడు.

ఒకప్పుడు అది మేత నేలే. అతను అక్కడే పశువుల్ని కాసేవాడు. కింద కంకర ఉందని తెలిశాక నేలకు గౌరవం పెరిగింది, గడ్డికి తగ్గింది. పైమన్ను ఒలిచి ఒక మూల గుట్టగా పోశారు; తవ్వకం ముగిశాక గుంట పూడ్చి, ఆ మన్ను మళ్లీ పరిచి, గడ్డి మొలిపిస్తామన్నారు. మేపే చోటు లేక అతను పశువుల్ని ఒక్కొక్కటే అమ్ముకున్నాడు. కాయడం తప్ప వేరే విద్య రాదు గనక, మన్నుగుట్టకే కావలిగా కుదిరాడు. మన్ను ఎటూ పారిపోలేదు. దుమ్ము మాత్రం పారిపోయి అతని ఊపిరితిత్తుల్లో తలదాచుకుంది.

అమ్మకుండా ఉంచుకున్నది ఇంకా పాలు మరవని ఒక్క దూడ. పేరు దొరసాని. దాన్ని పెరట్లో కట్టేసి, ఎండుగడ్డి వేస్తూ, నీ నేల నీకిప్పిస్తానని మాటిచ్చాడు. గుంట పూడి, మన్ను పరుచుకుని, గడ్డి లేచి, నేల మేతకు పనికొస్తుందన్న అధికారి సంతకం ఒక్కటే మిగిలేసరికి దొరసాని ముసలిదైంది. కావలివాడికి కూడా గేటు దాటి నాలుగడుగులు వేస్తే ఊపిరి అందడం మానేసింది. ఇద్దరిలో ఎవరు ముందన్నది ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని ప్రస్తావన.

"ఇవాళ సంతకం అయిపోతుంది. సాయంత్రం దాన్ని తోలుకురా," అని పొద్దున భార్యతో చెప్పి వచ్చాడు.

"పట్టాభిషేకమాయె. ఒళ్లు కడిగి మరీ తెస్తాలే," అంది ఆమె.

అధికారి మధ్యాహ్నం వచ్చాడు. ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తూ, వంగి లాగుతూ, తల ఊపుతూ వచ్చాడు. కాగితం తీశాడు, కలం మూత తీశాడు, గేటు దగ్గర ఆగిపోయాడు. కుర్చీకి కుడిపక్క చాపంత మేర నేల గుండు గీసినట్టు ఉంది.

"ఇక్కడెందుకు మొలవలేదు, పెద్దాయనా?"

కావలివాడు ఆ నేలను చూశాడు. తర్వాత తన కుడిచేతిని చూసుకున్నాడు.

"మొలిచిందండి. నేనే పీకాను."

"మీరెందుకు పీకారు?"

"లాగి చూడాలని మీరే కదా సార్ చెప్పారు. అంతదూరం నడవలేక ఇక్కడే చూస్తూ వచ్చాను. మొదట్లో వేరుతో వచ్చేదండి. ఇప్పుడు రావట్లేదు. మంచి గడ్డి."

అధికారి నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. ఇటు తిరిగేసరికి నవ్వు లేదు. చాపంత బోడి నేల కనిపిస్తే సంతకం కూడదని నిబంధన.

"విత్తనం చల్లండి. వచ్చే నెల చూద్దాం," అని కలానికి మూత పెట్టాడు.

సాయంత్రం భార్య దొరసానితో వచ్చింది. సంగతంతా విని, బోడి నేల చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది.

"ఇన్నాళ్లూ ఆవులు మేస్తాయని కాపలా కాసి, చివరికి నువ్వే మేశావన్నమాట."

"మెల్లిగా అనవే. అది వింటుంది."

"ఎవరున్నారిప్పుడు? గేటు తియ్యి. ఒక్క గంట మేసి వస్తుంది."

"కావలివాడున్నాడు కదే."

ఆమె ఆవు మెడమీద చెయ్యి వేసింది. కళ్లు మాత్రం అతనిమీదే ఉన్నాయి.

"నెలదాకా ఉంటుందా?"

"ఉంటుందిలే," అన్నాడు అతను, గేటు గడియ సరిచూస్తూ.

వాళ్లు వెళ్లాక, కుర్చీ దిగి చతికిలబడి, బోడి నేలంతా గీకి విత్తనం చల్లాడు. అరచేత్తో మన్ను కప్పాడు. తన సీసాలోని తాగే నీళ్లు ఒంపాడు.

మొలకలు చిటికెనవేలంత అయిన వారంలో అతను పోయాడు. కుర్చీలోనే పోయాడు. కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా ఒళ్లో పట్టుకుని ఉన్నాడు.

నెల తిరిగాక సంతకం అయింది. గేటు తెరిచారు. చాపంత చోటు కూడా మిగతా నేలలో కలిసిపోయి, ఎక్కడుందో గుర్తుపట్టడానికి భార్యకు కుర్చీయే ఆనవాలయింది. ఆమె దొరసాని మెడలో తాడు విప్పి, "వెళ్లు, నీ నేలే," అంది.

దొరసాని మోకాలెత్తు పచ్చికను వాసన చూసింది. తుమ్మింది. వెనక్కి తిరిగి కుర్చీ దగ్గరకు నడిచింది. బుద్ధి తెలిసినప్పటి నుంచి తిన్నది ఎండుగడ్డే గనక, గోనె మెత్త కుట్లు ఊడలాగి, లోపలున్నదంతా నింపాదిగా తినేసి, ఖాళీ గోనెను కుర్చీలోనే వదిలేసింది.