బ్రేకు తొక్కకుండా కదిలిన గేరు

వారం నుంచి కారు గేరు 'పి' దగ్గరే మొండికేసింది. ఇంజన్ బాగానే ఆడుతోంది. బ్రేకు తొక్కితే మామూలుగా వినపడే 'టక్' అన్న చప్పుడు మాత్రం లేదు. గేరు కర్ర అక్కణ్ణించి ఊడి రావడం లేదు. చివరికి ఆ ఇంటి ఇల్లాలు తన తమ్ముడికి కబురు పెట్టింది.

తమ్ముడు ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. ఏ పని చేసినా ఆఖర్న "ప్రస్తుతానికి నడుస్తుంది బావా" అంటాడు కనుక, ఆమె భర్త అతనికి ఆ పేరే ఖాయం చేశాడు.

"రండి, ప్రస్తుతానికి గారూ! మా కారుని కూడా ఫ్రిజ్‌లా చూస్తారా?"

"చల్లగా నడిచేట్టు చూస్తాలే బావా. ముందు నువ్వు జరుగు."

ఇద్దరూ నవ్వారు గానీ ఆమెకి మాత్రం ఎప్పట్లాగే మనసు చివుక్కుమంది. ఆ ఇంట్లో తమ్ముడికి మెప్పన్నది దక్కగా ఆమె ఎన్నడూ చూడలేదు.

"ఇలా చూడక్కా. ఈ కర్ర కింద నుంచి ఒక తీగ గేరుబాక్సు దాకా వెళ్తుంది. 'పి'లో పెడితే లోపల ఒక పన్ను పళ్లచక్రంలో ఇరుక్కుంటుంది, బండి కదలదు. కర్రని ఇక్కడే పట్టి ఉంచడానికి ఇంకో చిన్న గొళ్లెం. బ్రేకు తొక్కితేనే కరెంటు వచ్చి ఆ గొళ్లెం లేస్తుంది. మీ దానికి కరెంటు రావట్లేదు, అంతే."

కర్ర పక్కనున్న చిన్న మూత ఊడదీసి, సందులో స్క్రూడ్రైవర్‌తో నొక్కాడు. కర్ర కదిలింది. ప్రతిసారీ నొక్కడం ఎందుకని గొళ్లెం లేచే ఉండేట్టు రబ్బరు ముక్క మడిచి లోపల కుక్కి, మూత మళ్లీ బిగించేశాడు.

"సామాను వచ్చేదాకా ప్రస్తుతానికి నడుస్తుంది."

"శభాష్ బామ్మర్దీ! ఇన్నాళ్లూ నిన్ను తక్కువగా అంచనా వేశాను" అంటూ భర్త అతని వీపు తట్టి లోపలికి తీసుకెళ్లాడు.

ఆమె డ్రైవరు సీట్లో కూర్చుని చూసింది. కాలు బ్రేకు మీద లేదు. పిడి పక్కనున్న మీట నొక్కి లాగితే, కర్ర నూనె రాసినట్టు 'ఆర్'లోకి, రివర్సులోకి, జారింది. చప్పుడు లేదు. గబుక్కున దాన్ని మళ్లీ 'పి'లోకి తోసేసింది.

బ్రేకు తొక్కి గేరు తీయడం తనకీ భర్తకీ అలవాటే. అత్తగారి అలవాటు వేరు. మోకాళ్లు అరిగిన ఆ మనిషి ముందు సీట్లోంచి లేవాలంటే ముందుగా గేరు కర్రే పట్టుకుంటుంది. పట్టు బిగించి, ఒళ్లంతా దానిమీద వేసి లేస్తుంది. ఇన్నాళ్లూ అది ఇనుపస్తంభంలా కదలకుండా నిలబడింది.

చెబుదామని గుమ్మం దాకా వెళ్లింది. లోపల భర్త తల్లితో అంటున్నాడు: "వీడి బుర్ర బుర్ర కాదమ్మా! మన వీధి మెకానిక్ చేతులెత్తేశాడు, వీడు ఒక్క రబ్బరు ముక్కతో తేల్చేశాడు." తమ్ముడి ముఖం వెలిగిపోతోంది. నోటిదాకా వచ్చిన మాట ఆమె మింగేసింది. వాడు వెళ్లాక చెప్పొచ్చులే అనుకుంది. వాడు వెళ్లాకా చెప్పలేదు.

పడుకునేముందు దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ, ఆ గొళ్లెం పెట్టినవాడికి ఇచ్చిన ముందుచూపు నాకెందుకివ్వలేదు స్వామీ అని అడగబోయింది. తనకీ ఇచ్చాడు కదా, అనిపించి ఆగిపోయింది.

మర్నాడు అత్తగారిని మోకాళ్లు చూపించడానికి ఆసుపత్రికి తీసుకెళ్లారు. భర్త కారుని రివర్సులో తీసుకెళ్లి, డిక్కీ ఇటుకగోడ వైపు ఉండేలా ఆపి గేరు 'పి'లో పెట్టాడు. ఎండగా ఉందని ఏసీ కోసం ఇంజన్ ఆపలేదు. వాకర్ తీయడానికి దిగి డిక్కీ దగ్గరికి వెళ్లాడు. ఆమె వెనక సీట్లో ఉంది.

"ఆగండత్తయ్యా, ఆయన్ని రానివ్వండి."

"ఎంతసేపు కూర్చోనమ్మాయ్? నడుం పట్టేసింది."

ముసలి చెయ్యి కర్రని చుట్టుకుంది. వేళ్లు పిడి అవతలికి వెళ్లి మీటమీద బిగుసుకున్నాయి.

"దాన్ని పట్టుకోకండి!"

ఆ మాట పూర్తయ్యేలోగా కర్ర వెనక్కి వచ్చేసింది. కారు తొందరేమీ లేనట్టు, తనకెవరో చెప్పినట్టు వెనక్కి నడిచింది. ఆమె రెండు సీట్ల మధ్యనుంచి ముందుకి పడి, హ్యాండుబ్రేకుని రెండు చేతులా లాగింది. బండి మూలిగి ఆగింది.

"ఏవండీ!"

వెనకనుంచి ఒక కేక వినిపించింది. ఆ గొంతు ఆయనదిలా అనిపించలేదు.

ఆసుపత్రి కాపలావాడు పరిగెత్తుకొచ్చి ఇంజన్ ఆపి, గేరు న్యూట్రల్‌కి మార్చి, హ్యాండుబ్రేకు దించి, నలుగురి చేత బండిని ముందుకు నెట్టించాడు. భర్త ఒక కాలు పక్కకి లాక్కోగలిగాడు. రెండోది మోకాలి దగ్గర గోడకీ బండికీ మధ్య నలిగింది. కాలు ఉంటుందన్నాడు డాక్టరు. నడక సంగతి ఇప్పుడే చెప్పలేనన్నాడు.

బయట బెంచీ మీద అత్తగారు తన కుడిచేతినే చూసుకుంటోంది. "కన్నకొడుకుని ఈ చేత్తోనే..." అని గొణుక్కుంటోంది. ఆమె ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. 

కబురు తెలిసి తమ్ముడు ఆయాసపడుతూ వచ్చాడు. "అక్కా, బ్రేకు తొక్కకుండా గేరు ఎవరు కదిపారు?"

అత్తగారు తల వంచుకుంది. ఇక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. ముసలామె చెయ్యి జారిందని లోకం సరిపెట్టుకుంటుంది.

"అత్తయ్య తప్పేం లేదురా" అంది ఆమె. "ఆవిడ రోజూ పట్టుకున్నట్టే పట్టుకుంది. గొళ్లెం తీసేసింది నువ్వు. అది పడట్లేదని నిన్ననే చూశాను. ఆవిడ దాన్ని పట్టుకునే లేస్తుందనీ నాకు తెలుసు. నీకు దక్కిన మెప్పు పాడవుతుందని నోరు మూసుకున్నాను."

తమ్ముడు గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు.

అత్తగారు చాలాసేపు కోడలి ముఖంలోకి చూసింది.  కోడలి చేతుల్లోంచి తన చేతిని మెల్లగా వెనక్కి తీసుకుంది.