బంగారు పూత మీద గీత

కొబ్బరీనె మొనకు పిసరంత దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, విప్పిన కెమెరా షట్టరు రేకుల మీద చిట్టియ్య మెల్లగా తిప్పుతున్నాడు. కుడిచేయి వణక్కుండా ఎడమచేత్తో మణికట్టు పట్టుకున్నాడు. ఆరునెలలుగా ఇదే అలవాటు. చూసినవాళ్లు పని నాజూకైనది కాబోలనుకునేవారు. రాజమండ్రి మెయిన్ రోడ్డులో, ఓ స్టూడియో మెట్ల కింద అతనికున్నది ఒక బల్ల, ఒక దీపం, ఒక భూతద్దం. ముప్పై ఏళ్లుగా గోదావరికి అటూ ఇటూ ఉన్న ఊళ్ల కెమెరాలన్నీ ఆ బల్ల మీదికే వచ్చేవి. యాభై ఎనిమిదేళ్ల ఆ మనిషి ముఖం ఎలా ఉంటుందంటే మాత్రం ఎవరూ వెంటనే చెప్పలేరు. వంచిన మెడ, చెవుల వెనక నెరిసిన జుట్టు, అంతే గుర్తు.

పక్క మందులషాపుకు ఫోను వచ్చింది. రామచంద్రపురం నుంచి గోపాలకృష్ణమూర్తిగారి గుమాస్తా చేశాడు. బంగారు కెమెరా మీద గీత పడిందట. చిట్టియ్య వెంటనే బయల్దేరి వచ్చి, అది దేనితో పడిందో తేల్చాలట.

చిట్టియ్యకు ఎడమ భుజంలో ఏదో పట్టి లాగినట్టయింది. ఆ గీత దేనితో పడిందో చూడకుండానే చెప్పగలడు. మూడు వారాల కిందట, ఆయనింట్లో దాని లెన్సు అంచున చిక్కుకున్న నూలుపోగును తీస్తుంటే చెయ్యి వణికి, పట్టకారు మొన జారింది. వెంట్రుకంత గీత. గదిలో ఎవరూ లేరు. కెమెరాను అద్దాల బీరువాలో పెట్టేసి, "అయిందండి" అని చెప్పి వచ్చేశాడు. ఆ రోజు నుంచి అన్నం సరిగా సహించడం లేదు. ఏమైందని భార్య రామతులసి అడిగితే, కడుపులో బాగోలేదన్నాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. బయట ముసురు.

గోపాలకృష్ణమూర్తిగారికి రెండు బియ్యం మిల్లులు, ఒక బట్టల కొట్టు. జర్మనీ లైకా కెమెరాలంటే ఆయనకు ప్రాణం. మొదట ఒకటి కొన్నారు. కొన్నాళ్లకు అదే కెమెరా, ఒక మీట కాస్త పొడుగు చేసి వస్తే, అదీ మద్రాసు నుంచి తెప్పించారు. తరవాత రంగు మారినదొకటి. కొత్తది వచ్చినప్పుడల్లా చిట్టియ్యను పిలిపించి, చేతికిచ్చి, తేడా తెలుస్తోందా అని అడిగేవారు. మూడింటితోనూ ఫోటో ఒక్కలాగే వస్తుందని చిట్టియ్యకు తెలుసు. అయినా తెలుస్తోందండి అనేవాడు. నాలుగోది ఈ బంగారు పూతది. కంపెనీవాళ్లు లెక్కపెట్టి కొన్నే చేసి ఆపేశారట. దానికొక నంబరు ఉంది. ఆ నంబరును ఆయన మనవడి పుట్టినరోజు కన్నా శ్రద్ధగా చెబుతారు. ఇంతవరకూ అందులో ఫిల్ము వెయ్యలేదు, వేస్తే విలువ పడిపోతుందట. చెమ్మకు బూజు పట్టకుండా నెలకోసారి దాన్ని తుడిచిరావడం చిట్టియ్య పని.

కడియం దగ్గర మొక్కల లారీ ఒకటి బురదలో దిగబడి బస్సు ఆగిపోయింది. ఇక కదలకపోతే బాగుండునని చిట్టియ్య మొక్కుకున్నాడు. చెయ్యి వణుకుతోందన్న మాట ఒక్కసారి పొక్కితే ఆ బల్ల మీదికి ఇంకే కెమెరా రాదు. వేరే పని చేతకాదు. పాతగీతేనండి, కంటికిప్పుడు ఆనింది అందామనుకున్నాడు. నాలుగైదు సార్లు లోపలే అనుకుని చూశాడు. బస్సు కదిలింది.

హాల్లో బల్ల మీద మఖమల్ గుడ్డ, దాని మీద కెమెరా. గోపాలకృష్ణమూర్తిగారు కుర్చీలో ఉన్నారు. బీరువా దుమ్ము దులిపేది పనిమనిషి వీరవేణి ఒక్కతేననీ, ఎస్సైగారికి కబురు పెట్టాననీ, సాయంత్రం వచ్చి స్టేషనుకు తీసుకెళ్లి అడిగితే నిజం అదే బయటికొస్తుందనీ ఆయన నెమ్మదిగా చెప్పారు. కోపంలేని ఆ గొంతుకే చిట్టియ్యకు చెమటలు పట్టాయి.

వీరవేణి వెనక గుమ్మం దగ్గర నేల మీద కూర్చుని ఉంది. చేతులకున్న మట్టిగాజులన్నీ తీసి, ఒక్కటీ పెచ్చు లేవలేదని చూపడానికి ముందర వరసగా పేర్చుకుంది. మొగుడున్న మనిషి, బోసిచేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటోంది.

"చూడు చిట్టియ్యా. గాజు గీతేనా?" అన్నారాయన.

చిట్టియ్య భూతద్దం కంటికి పెట్టుకుని వంగాడు. గీత అక్కడే ఉంది. తల ఊపితే చాలు, మాట కూడా అక్కర్లేదు. భూతద్దం తీసేసరికి మళ్లీ ఆ గాజులే కనిపించాయి.

"గాజు కాదండి. పట్టకారు. నా చెయ్యి వణికిందండి."

గోపాలకృష్ణమూర్తిగారు కుర్చీలో ముందుకు వంగారు.

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"భయమేసిందండి."

"ఇది పోతుందా?"

"పోదండి. రుద్దితే పూత లేచిపోద్దండి."

గోపాలకృష్ణమూర్తిగారు కెమెరాను గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టి తాళం వేశారు. ఇకమీదట ఈ గడప తొక్కవద్దన్నారు. తప్పు నీది కాదని వీరవేణికి ఓ మాట చెప్పండని చిట్టియ్య అడిగితే, ఆయన ఫోను దగ్గరికెళ్లి స్టేషనుకు చేసి, ఇక రానక్కర్లేదని చెప్పారు.

వీధి గేటు దాటుతుంటే వెనక గాజుల చప్పుడయింది. వీరవేణి పరుగున వచ్చి, అరిటాకు ముక్కలో చుట్టిన జామకాయలు అతని చేతిలో పెట్టింది.

"పెరట్లోయండి, మేస్త్రీగారూ. దారిలో తినండి," అని, ఇంకేదో అనబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది.

తిరుగు బస్సులో కూడా కిటికీ పక్క సీటే దొరికింది. కుడిచేయి మోకాలి మీద వణుకుతోంది. ఆరునెలల్లో మొదటిసారిగా దాన్ని పట్టుకోకుండా వదిలేశాడు. ఇంటికెళ్లి రామతులసికి అంతా చెప్పాలనుకున్నాడు. భయం పోయింది. భుజంలో లాగుడు మాత్రం పోలేదు సరికదా, ఛాతీలోకి పాకింది. భయంతో పాటే ఇదీ పోవాలి కదా అని ఆశ్చర్యపోయాడు. ఆకు విప్పి ఒక కాయ కొరికి, నములుతూ కిటికీ ఊచకు తల ఆనించాడు.

రాజమండ్రిలో అందరూ దిగిపోయాక కండక్టరు వచ్చి, ఊరొచ్చిందండీ అంటూ భుజం తట్టాడు. రెండోసారి తట్టి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, డ్రైవరును పిలిచాడు. ఇద్దరూ కలిసి చిట్టియ్యను జాగ్రత్తగా కిందికి దించారు.

ఖాళీ సీటు మీద, తడి అరిటాకులో నాలుగు జామకాయలు ఉన్నాయి. ఒకదాని ఎర్రటి కండ మీద పళ్ల గుర్తులు.