మూడు మీటర్ల చీటీ

నా బిడ్డ మట్టి తింటుంది. రెండున్నరేళ్ల పిల్ల, పేరు రచన. గోడ గీకి తింటుంది, పూలకుండీలో వేలు పెట్టి తింటుంది. డాక్టరు నులిపురుగుల మందు ఇచ్చి, టానిక్ రాసి, కనిపెట్టుకొని ఉండమన్నాడు. అట్లాంటి పిల్లను నేను మట్టి పరీక్షలు చేసే ల్యాబుకు తీసుకుపోయాను. ఆ రోజు ఇంకో దారి లేకపోయింది.

ల్యాబు నారాయణగూడలో ఒక పాత ఇంటి కింది వాటాలో ఉండేది. నడిపేది జగన్మోహన్ గారు, రిటైరైన ఇంజనీరు. ఎక్కడైనా కట్టడం మొదలయ్యే ముందు బోరు వేయించి, ఏ లోతులో ఏ మట్టి ఉందో తెప్పించి చూసేవారు. నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానినదాన్ని. సంచుల్లోని మట్టిని రేకు ట్రేలలో ఆరబెట్టడం, గడ్డలు చితకగొట్టి జల్లించడం, గ్లాసులు కడగడం నా పని. ప్రతి సంచిలో ఒక చీటీ ఉండేది. ఏ బోరు, ఎంత లోతు అని. ఆ చీటీని ట్రేలో మట్టి మీదే ఉంచి, ఎగిరిపోకుండా చిన్న రాయి పెట్టాలి.

ఏడాదిలో సార్ నా చేతులకు కొంత చదువు చెప్పారు. తడి మట్టిని అరచేతిలో పెట్టుకొని కుదిపితే, ఒండ్రు అయితే పైన నీళ్లు మెరుస్తాయి. పిడికిలి బిగిస్తే ఆ మెరుపు పోతుంది. రేగడి మెరవదు. దాన్ని అరచేతుల మధ్య నులిమితే సన్నటి దారంలా సాగుతుంది, ఒండ్రు మధ్యలోనే తెగుతుంది. అన్నిటికన్నా నాకు వింతగా తోచింది గాజు గొట్టాల పరీక్ష. ఒకే మట్టిని ఒక గొట్టంలో నీళ్లలో, ఇంకో గొట్టంలో కిరోసిన్‌లో వేసి ఒక రోజంతా ఉంచుతారు. కిరోసిన్‌లోది వేసినంతే ఉంటుంది. నల్లరేగడి అయితే నీళ్లలో ఉబ్బి పైపైకి వస్తుంది. వానకాలం ఇంటిని లేపి, ఎండాకాలం దించేది అదేనని సార్ చెప్పేవారు.

తొంభై ఆరు మార్చిలో అశోక్ నగర్ నుంచి సంచులు వచ్చాయి. అక్కడ చిన్నపిల్లల బడి కట్టబోతున్నారు, రెండంతస్తులు. బోరు దగ్గర నిలబడి మట్టి తెచ్చే విఠల్ అన్న సంచులు దించి, వేరే పని మీద విద్యానగర్ వెళ్లాడు. ఆ రోజే చిక్కడపల్లిలో మా పక్క వాటా హనుమమ్మ గారు, రోజూ రచనను చూసుకునే ఆవిడ, చెల్లెలికి బాగలేదని కాచిగూడ వెళ్లారు. మా ఆయనకు ప్రెస్సులో సెలవు దొరకలేదు. బిడ్డను చంకనేసుకొని పోయాను. నా కొంగు దాని నడుముకు కట్టాను. గ్లాసులు కడిగేటప్పుడు అడ్డమవుతోందని ఆ ముడి విప్పాను.

తిరిగి చూస్తే ట్రేల మధ్య కూర్చుని ఉంది. మూతి నిండా నలుపు. నోట్లో వేలు పెట్టి తీశాను, కుళాయి కింద కడిగాను, అది ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను. మట్టితో పాటు ఏదో కాగితం ముద్ద వచ్చింది. పిల్ల ఊరుకున్నాక గాని అదేమిటో నాకు తట్టలేదు. రెండు ట్రేల మీద చీటీలు లేవు.

మిగిలిన చీటీలను బట్టి ఒకటి ఒకటిన్నర మీటరుది, ఇంకొకటి మూడు మీటర్లది. చేత్తో చూశాను. ఒకటి దారంలా సాగింది, నల్లరేగడి. ఒకటి మెరిసింది, ఒండ్రు. మట్టి తానేమిటో చెప్పింది గాని, ఎంత లోతు నుంచి వచ్చిందో చెప్పలేదు. మా అమ్మగారి ఊరి చేలల్లో నల్లది పైనే ఉంటుంది. ఇక్కడా అంతే కావచ్చు అనుకొని, విఠల్ అన్న రాతను చూసి దిద్ది, రెండు కొత్త చీటీలు పెట్టాను. సాయంత్రం ఆయన వచ్చి వాటినే నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాడు.

మరునాడు మా ఆయన సెలవు తీసుకొని పిల్లను చూసుకున్నాడు. ల్యాబులో సార్ ఆ పేజీ చూసి, ఒకటిన్నర దగ్గర నల్లరేగడి ఉంది గనుక దాన్ని దాటి మూడు మీటర్ల మీద పునాది కూర్చోబెట్టమని రాద్దామన్నారు. జల్లెడ పట్టుకున్న నా చెయ్యి ఆగిపోయింది. నా చీటీలు తారుమారైతే, బడిని తీసుకుపోయి సరిగ్గా ఆ ఉబ్బే మట్టి మీదే పెడతారు.

మధ్యాహ్నం తిండి వేళ అశోక్ నగర్‌కు నడిచాను. అక్కడ పాలమూరు నుంచి వచ్చిన మాసమ్మ, ఈదయ్య అనే మొగుడూ పెళ్లాలు నీళ్ల హౌజు కోసం గుంత తవ్వుతున్నారు. ఈదయ్య గుంతలో నిలబడితే తలపాగా మాత్రమే కనిపిస్తోంది. పైన ఏ మట్టి వచ్చిందని అడిగాను.

"మట్టి బేరానికి వచ్చినవా, బిడ్డా?" అని నవ్వింది మాసమ్మ. "పైనంత నాలా మట్టి, మెత్తగ వచ్చింది. ఇగ జూడు, నల్లది తగిలింది. పారనే ఇడుస్తలేదు."

పైన ఒండ్రు, కింద నల్లది, నా చీటీలకు తలకిందులు. తిరిగి వస్తూ దారంతా ఒకటే ఆలోచన. లోపలికి పోయి చీటీలు మార్చి, చెయ్యి జారిందని నోటుబుక్కు దిద్దిస్తే అయిపోతుంది. కానీ ఆ హౌజు బోరుకు చాలా దూరం. నిన్న చేను చూసి అనుకున్నాను, ఇవాళ హౌజు చూసి అనుకుంటాను. రెండూ అనుకోవడమే. వచ్చే ఏడు రచనను కూడా అట్లాంటి బడి గోడ కిందే కదా కూర్చోబెట్టేది.

విఠల్ అన్న ఉండగానే సార్ ముందు నిలబడ్డాను.

"అశోక్ నగర్ చీటీలు రెండు నేను రాసిన, సార్. విఠలన్న రాసినయి నా బిడ్డ నమిలింది."

విఠల్ అన్న ముందు నవ్వాడు, తర్వాత నా మొహం చూసి ఆపేశాడు.

"నిన్న ఎందుకు చెప్పలె?" అన్నారు సార్.

"పని పోతదని భయమైంది."

"మరి ఇయ్యాల?"

"ఇయ్యాల గూడ భయమే ఉన్నది, సార్."

హౌజు గుంత సంగతి చెప్పాను. బోరులో ఏ లోతున ఏది వచ్చిందో విఠల్ అన్నకూ గుర్తు లేదు. సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"అయితే నల్లది కిందికి రాసుకుంటే సరిపోతదా?"

నన్ను పరీక్షిస్తున్నారో, నిజంగానే అడుగుతున్నారో తెలియలేదు.

"నాకు తెల్వదు, సార్. అది హౌజు మట్టి. బోరుది కాదు."

సార్ నోటుబుక్కులో ఆ పేజీ మీద అడ్డంగా గీత కొట్టారు. మళ్లీ బోరు వేద్దామన్నారు. నా పని సంగతి ఆ మట్టి వచ్చాక మాట్లాడదామన్నారు.

"నీ బిడ్డ కాగితం తిన్నదానికి నేను ఎండ తినాలె," అన్నాడు విఠల్ అన్న. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

నాలుగు రోజులు అట్లాగే గడిచాయి. పని పోతే టానిక్ ఎట్లా అని ఒక దిగులు, పిల్ల కడుపులోకి పోయిన మట్టి ఏం చేస్తుందోనని ఒక దిగులు. హనుమమ్మ గారు తిరిగొచ్చారు. పిల్ల మాత్రం ఏమీ ఎరగనట్టు ఆడుకుంది.

అయిదో రోజు సంచులు వచ్చాయి. ఈసారి లోపల ఒక చీటీ, బయట తీగతో కట్టింది ఒకటి. సార్ మూడు మీటర్ల సంచి నా ముందు పెట్టించి విప్పమన్నారు. చెయ్యి పెట్టాను. వేళ్లకు, గోళ్లకు అంటుకుంది. అరచేతుల మధ్య నులిమితే దారం తెగకుండా సాగింది. సార్ వంగి చూశారు, విఠల్ అన్న కూడా చూశాడు. కింది సంచిలో, నాలుగున్నర మీటర్ల దగ్గర, ఎర్రటి గట్టి మొరం, ఉబ్బని నేల. పునాది అక్కడిదాకా పోవాలని సార్ నా ముందే ఇంజనీరుకు ఫోను చేసి చెప్పారు.

ఫోను పెట్టేసి, హనుమమ్మ లేని రోజు నువ్వు కూడా రావద్దన్నారు. లేని రోజు రావద్దంటే, ఉన్న రోజు రమ్మనే కదా అని నేను లోపల లెక్క కట్టుకుంటున్నాను.

"ఏం చూస్తున్నవ్? ట్రేకు చీటీ రాయి," అన్నారు.

రాశాను. నా రాతలో మూడు అంకె కొంచెం వంకరగా వస్తుంది. దిద్దలేదు. మట్టి మీద పెట్టి, పైన రాయి పెట్టాను.